కోసేముందు చూడమని అడిగితే తప్పా?

పిల్లలు నోటితో చెప్పని సంగతులు విడిచిన బట్టలు చెబుతాయి. ఇంట్లో బట్టలు ఉతికే ఆడవాళ్ళందరికీ ఇది తెలిసిన విషయమే.

రెండేళ్ళ క్రితం సంక్రాంతి సెలవులకి మావాడు హాస్టల్ నుంచి వచ్చాడు. అప్పుడు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. ఎప్పుడూ బ్యాగు విప్పి బట్టలన్నీ నా ముందు కుప్ప పోసేవాడు, ఆసారి మాత్రం "నేనే మెషీన్లో వేసుకుంటాలేమ్మా" అన్నాడు. నేను మురిసిపోయాను. పిల్లాడికి బుద్ధి వచ్చిందని మా అత్తగారితో కూడా చెప్పాను. మర్నాడు మెషీన్ వెనకాల ఒక నిక్కరు దొరికింది. వెనకవైపు పసుపు, గోధుమ రంగు కలిసిన మరక. చీము మరక ఎలా ఉంటుందో నాకు తెలుసు.

అడిగితే "ఏం లేదు" అన్నాడు. గట్టిగా అడిగితే "నాన్నతో చెప్తాలే" అన్నాడు. నాన్నతోనూ చెప్పలేదు. భోజనానికి కూర్చున్నప్పుడు ఒక పక్కకి ఒరిగి కూర్చోవడం చూసి, "సరిగ్గా కూర్చోలేవా, ఆ ఫోన్ పట్టుకుని రాత్రంతా వంకరగా పడుకుంటావు" అని నేనే తిట్టాను. ఆ మాట ఇప్పటికీ నా గొంతులో ముల్లులా ఉంది.

చివరికి భోగి రోజు పొద్దున తలంటు పోసేటప్పుడు బయటపడింది. వెన్నుపూస దిగువన, తోక ఎముక దగ్గర, పిరుదుల మధ్య గాడి మొదలయ్యే చోట ఎర్రగా ఒక గడ్డ. దాని కింద సూది మొనంత రెండు కన్నాలు. మా అత్తగారు "వేడి చేసిందే, సెగ్గడ్డ" అన్నారు. సున్నం, బెల్లం కలిపి పట్టు వేశాం. మజ్జిగలు, సబ్జా గింజలు, బార్లీ నీళ్ళు అన్నీ అయ్యాయి. మా వారు పైల్స్ అనుకున్నారు. కనుమ వెళ్ళేసరికి గడ్డ పగిలింది, నొప్పి తగ్గింది, వాడు హాస్టల్‌కి వెళ్ళిపోయాడు. నెల తిరగకుండా మళ్ళీ వచ్చింది.

అప్పుడు విన్నాం ఆ పేరు, పైలోనిడల్ సైనస్ అని. లాటిన్‌లో వెంట్రుకల గూడు అని అర్థమట. ఊడిన వెంట్రుకలు ఆ గాడిలో చేరి, కూర్చున్నప్పుడల్లా పడే ఒత్తిడికి, రాపిడికి చర్మంలో ఉన్న చిన్న గుంటల్లోంచి లోపలికి దిగుతాయి. శరీరం వాటిని ముల్లు గుచ్చుకున్నట్టే భావిస్తుంది. చుట్టూ చీము పడుతుంది, ఆ చీము బయటికి రావడానికి దారి చేసుకుంటుంది. ఎక్కువగా పదిహేను నుంచి ముప్ఫై ఏళ్ళ లోపు వాళ్ళకి, ఆడపిల్లల కన్నా మగపిల్లలకి ఎక్కువ. నలభై దాటాక కొత్తగా రావడం తక్కువ. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో దాదాపు 80 వేలమంది దీనితో ఆసుపత్రుల్లో చేరారట. గతుకుల దారుల్లో జీపుల్లో ఎగిరెగిరి పడ్డవాళ్ళకి వస్తోందని దానికి 'జీపు జబ్బు' అని పేరు కూడా పెట్టారు. ఇది చదివి మావాడికి చెప్తే, అన్ని రోజుల తర్వాత మొదటిసారి నవ్వాడు. "నాకు జీపు కూడా లేదు కదమ్మా" అన్నాడు.

మొదటి ఆపరేషన్ ఫిబ్రవరిలో అయింది. ఆసుపత్రి పేరు అనవసరం. డాక్టరుగారు చూశారు, వేలితో నొక్కి చూశారు, "చిన్నదే, తీసేసి కుట్లు వేస్తాం, వారంలో కాలేజీకి వెళ్ళొచ్చు" అన్నారు. మేం ఏమీ అడగలేదు. అడగడానికి ఏముందో కూడా తెలియదు. సంతకం పెట్టమన్న చోటల్లా మా వారు సంతకం పెట్టారు. వారం అన్నది నెల అయింది. కుట్లలో ఒకటి విడిపోయింది. మిడ్ పరీక్షలు పోయాయి. సరే, పోతే పోయాయి, పీడ వదిలిందనుకున్నాం.

దసరాకి మళ్ళీ వచ్చింది. ఈసారి కొంచెం ఎడమ పక్కగా.

ఆ రాత్రి వాడు అన్నమాట ఒకటి చెప్తాను. "అమ్మా, నేను సరిగ్గా కడుక్కోననుకుంటున్నారేమో అందరూ. నేను శుభ్రంగానే ఉంటానమ్మా." ఇరవై ఏళ్ళ కుర్రాడు నాకు సంజాయిషీ చెప్పుకుంటున్నాడు. ఇన్నాళ్ళూ వాడు దాచింది నొప్పిని కాదు, సిగ్గుని. ఆ సిగ్గు వాడికి ఎక్కడినుంచి వచ్చింది? గడ్డ వస్తే వేడి అని, చీము పడితే శుభ్రత లేదని అనే మన నోళ్ళ నుంచే వచ్చింది.

రెండోసారి ఒక లేడీ సర్జన్ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ చూశారు, పాత కాగితాలు చదివారు, "ముందు అల్ట్రాసౌండ్ చేయిద్దాం, తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు.

నిజం చెప్పొద్దూ, నాకు ఆశ్చర్యం వేసింది. మన ఆడవాళ్ళకి స్కానింగ్ అంటే కడుపుతో ఉన్నప్పుడు చేసేదే. లీటరు నీళ్ళు తాగి, బిగబట్టుకుని, 'ఇక్కడ లింగ నిర్ధారణ చేయబడదు' అన్న బోర్డు కింద కూర్చోవడమే. పిరుదుల దగ్గర గడ్డకి స్కానింగ్ ఏమిటి? కమీషన్ల కోసం రాస్తున్నారేమోనని మా వారు బయటికొచ్చాక గొణిగారు కూడా.

ఆ మాటే కొంచెం మర్యాదగా మార్చి నేను ఆవిడని అడిగాను. ఆవిడ కోప్పడలేదు. "మీ పుట్టింట్లో పొలం ఉందా?" అని అడిగారు. ఉందన్నాను. "బోరు వేసేముందు పాయింట్ పెట్టిస్తారా లేదా?" అన్నారు. తర్వాత కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. పైన కనిపించేది చీమల పుట్టకి నోరు లాంటిదట. లోపల దారి ఒక్కటే ఉండొచ్చు, పక్కలకి రెండు మూడు పాయలు కూడా ఉండొచ్చు. నోటిని మాత్రమే తవ్వి తీసేస్తే మిగిలిన పాయలోంచి మళ్ళీ బయటికొస్తుంది. అలాగని ఎందుకైనా మంచిదని పెద్ద గుంట తవ్వితే మంచి కండ కూడా పోతుంది, మానడానికి నెలలు పడుతుంది. ఎంత తియ్యాలో తెలియాలంటే ఎంత ఉందో ముందు తెలియాలి కదా.

స్కాన్ గురించి కూడా చెప్తాను, ఎవరికైనా అవసరం పడొచ్చు. పరగడుపున వెళ్ళక్కర్లేదు, నీళ్ళు తాగి బిగబట్టక్కర్లేదు. బోర్లా పడుకోమంటారు. జెల్లీ రాసి, థైరాయిడ్‌కి, రొమ్ముకి వాడే చిన్న బల్లపరుపు ప్రోబ్‌ని చర్మం మీద పెట్టి మెల్లిగా కదుపుతారు. చర్మం కింద తక్కువ లోతులో ఉన్నవాటిని బాగా చూపించే రకం అది. సూది లేదు, కోత లేదు, ఎక్స్‌రేలో ఉండే రేడియేషన్ లేదు. పావుగంటలో అయిపోయింది. ఎమ్మారైతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. ఆడపిల్లయితే లేడీ డాక్టరు ఉన్న రోజు అడిగి వెళ్ళొచ్చు, లేదా నర్సు పక్కన ఉండాలని అడగొచ్చు. అడగడానికి మొహమాటపడకండి.

తెర మీద నాకూ చూపించారు. నల్లటి సొరంగంలా ఒక దారి, అందులో తెల్లటి సన్నటి గీతలు. "ఆ గీతలే వెంట్రుకలు" అన్నారు. దారి ఎంత పొడవు, ఎంత లోతు, తోక ఎముకకి ఎంత దూరం, మలద్వారానికి ఎంత దూరం, అన్నీ కొలిచారు. అప్పుడు ఎడమ వైపు ఇంకొక పాయ కనిపించింది, చివర చిన్న చీము తిత్తితో. పైకి చర్మం మీద దాని జాడే లేదు. ఎన్నిసార్లు వేలితో నొక్కినా తెలియలేదు. ఆ పాయ ఎక్కడివరకు ఉందో చర్మం మీద పెన్నుతో గీత గీసి ఇచ్చారు.

ఆ గీతతో మొత్తం పథకం మారింది. ముందు ఆ చీము తీసేసి, వాపు తగ్గేదాకా కొన్ని వారాలు ఆగారు. తర్వాత పాయలతో సహా తీసేసి, పక్కనుంచి చర్మం, కొవ్వు జరిపి కప్పే ఫ్లాప్ ఆపరేషన్ చేశారు. లింబర్గ్ ఫ్లాప్ అంటారట. కుట్లు సరిగ్గా ఆ గాడి మధ్యలో పడితే అక్కడి చెమట, రాపిడి వల్ల గాయం సరిగ్గా మానదు, జబ్బు తిరగబెట్టడమూ ఎక్కువ. అందుకని కుట్లు పక్కకి వచ్చేలా చేస్తారు. మొదటిసారి మావాడికి కుట్లు సరిగ్గా మధ్యలోనే వేశారని అప్పుడు అర్థమైంది.

ఇంత చెప్పి, స్కాన్ వల్లే నయమైపోయిందని నేను ప్రమాణం చేయను. ఆపరేషన్ పద్ధతి మారింది, డాక్టరు మారారు, మా జాగ్రత్త కూడా మారింది. ఏది ఎంత పని చేసిందో నేను తూకం వేసి చెప్పలేను. మొదటి డాక్టరుగారిని తప్పు పట్టడం కూడా నా ఉద్దేశం కాదు. ఈ జబ్బుని కంటితో చూసి చెప్పడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. చాలామంది సర్జన్లు ఆపరేషన్ టేబుల్ మీద ఆ కన్నంలోకి నీలం రంగు మందు ఎక్కించి, రంగు ఎక్కడిదాకా పాకితే అక్కడిదాకా తీస్తారు. అదీ మంచి పద్ధతే. స్కాన్‌కి లోపాలూ ఉన్నాయి. చేసేవారి చెయ్యి, అనుభవం బట్టి ఫలితం ఉంటుంది. మలద్వారంలోకి దారి ఉందేమోనని అనుమానం వస్తే, అంటే అది భగందరమేమోనని అనిపిస్తే, ఎమ్మారై చేయించమంటారు. ఏ బాధా పెట్టని చిన్న గుంటకి ఏ పరీక్షా అక్కర్లేదు, శుభ్రంగా ఉంచుకుంటే చాలనీ అంటారు.

మరి నా వాదన ఏమిటంటారా? రంగు మందు ఎక్కించేది పిల్లవాడికి మత్తు ఇచ్చాక. అప్పుడు తెలిసేది డాక్టరుకి ఒక్కరికే. స్కాన్‌లో కనబడింది ముందే, మాకు కూడా తెలుస్తుంది. నా దృష్టిలో అదే అసలు తేడా. ఇది చిన్న ఆపరేషనా, పెద్దదా? ఎన్ని రోజులు పడుకోవాలి? గాయం తెరిచి ఉంచుతారా, కుట్లు వేస్తారా? పరీక్షలు ముందా, ఆపరేషన్ ముందా? డ్రెస్సింగ్‌కి రోజూ ఎవరు ఉండాలి? ఇవన్నీ ఇంటి ప్రశ్నలు. వీటికి జవాబు తెలియకుండా సంతకం పెడితే, తర్వాత ఆ రోజులన్నీ సర్దుకోవాల్సింది ఇంట్లో ఉన్న మనమే. పెళ్ళికి ఎంతమంది వస్తారో తెలియకుండా ఎవరం బియ్యం నానబొయ్యం. పిల్లాడి ఒంటి మీద కత్తి పెట్టేటప్పుడు మాత్రం 'ఎంత' అని అడగడానికి ఎందుకు జంకుతాం?

మొదటిసారి వారం అనుకుని నెల గడిపాం. వాడు ప్రతి రోజూ "ఇంకా ఎందుకు తగ్గలేదు" అని కుమిలిపోయాడు. రెండోసారి ఎక్కువ రోజులే పట్టింది. కానీ ముందే తెలుసు. కాలేజీలో చెప్పి సెలవు పెట్టాం. వాడు ధైర్యంగా ఉన్నాడు. డ్రెస్సింగ్ నేను చేస్తానంటే వద్దన్నాడు, సిగ్గుపడ్డాడు. మా వారు చేశారు. పిల్లాడికి చిన్నప్పుడు ఒక్కసారి కూడా పక్కబట్ట మార్చని మనిషి. పొద్దున్నే చేతులు కడుక్కుని, కళ్ళజోడు పెట్టుకుని, తలుపు వేసుకుని డ్రెస్సింగ్ చేసేవారు. లోపల్నుంచి ఇద్దరూ క్రికెట్ గురించి మాట్లాడుకోవడం వినిపించేది. నేను వంటింట్లో నిలబడి ఎన్నిసార్లు కళ్ళు తుడుచుకున్నానో.

ఏడాదిన్నర కావస్తోంది. మళ్ళీ రాలేదు. ఉద్యోగంలో చేరాడు. గంటకోసారి లేచి నడుస్తాడు, అక్కడ వెంట్రుకలు పెరగకుండా చూసుకుంటాడు. ఇక రాదని ఎవరూ రాసివ్వరు, మేమూ అడగలేదు.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, మొన్న మాఘమాసంలో మా ఇంట్లోనే రెండో కథ మొదలైంది.

మా పెద్దాడపడుచుగారి అమ్మాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. ఒకరోజు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసింది. "అత్తా, బావకి వచ్చిందే నాకూ వచ్చిందేమో" అంది. ఏడాదిగా ఉందట. రెండుసార్లు ఒక చిన్న క్లినిక్‌లో చీము తీయించుకుని మాత్రలు మింగిందట. బావని అడగలేదు, వరస వరసే కదా. వాళ్ళమ్మకి చెప్తే ఆవిడ మొదట అన్నమాట, "సంబంధాలు చూస్తున్నాం, ఎవరికీ చెప్పకు."

వదినని నేను తప్పు పట్టలేను. ఆవిడ భయం ఆవిడది. మగపిల్లాడికి ఆపరేషన్ అయితే 'పాపం' అంటారు, ఆడపిల్లకి అయితే 'ఏమిటట, ఎక్కడట' అంటారు. అదీ ఆ చోట. ఎవరికీ తెలియకుండా ఒక శుక్రవారం ఆపరేషన్ చేయించేసి, సోమవారం ఆఫీసుకి పంపేయాలని, ఉగాది తర్వాత పెళ్ళిచూపులు పెట్టుకోవాలని ఆవిడ లెక్క.

"వదినా, ముందు స్కానింగ్ చేయించండి" అన్నాను.

"ఇంకా పదిమంది చూడాలా దాన్ని?" అన్నారు.

"పదిమంది కాదు వదినా, ఒక్కళ్ళు చూస్తారు. ఇప్పుడు ఒక్కళ్ళు సరిగ్గా చూడకపోతే తర్వాత నిజంగానే పదిమంది చూడాల్సొస్తుంది. మావాడి విషయంలో చూశాంగా."

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు "ఆ డాక్టరమ్మ నంబరు పంపు" అని మెసేజ్ పెట్టారు.

నేను తోడు వెళ్ళాను. భయపడుతూనే వెళ్ళాం, మావాడిలాగే పాయలు పాయలుగా ఉంటుందేమోనని. పాయలేమీ లేవు. పొట్టిగా ఒక్కటే దారి, లోతు కూడా తక్కువ. ఫ్లాప్ అక్కర్లేదు, పెద్ద కోత అక్కర్లేదు అన్నారు డాక్టరుగారు. ఆ గుంటల్ని మాత్రం తీసేసి, లోపల శుభ్రం చేసి సాయంత్రానికి ఇంటికి పంపారు. ముందే చూడబట్టి మావాడికి చెయ్యాల్సినంత చేశారు. అమ్మాయికి అక్కర్లేనిది చెయ్యకుండా ఆగారు. స్కాన్ చేయించడమంటే ఆపరేషన్ పెద్దది చేయించుకోవడమనుకుంటారు కొందరు. చిన్నది చాలని తేలడానికీ అదే దారి.

చుట్టాలందరికీ వదిన "అమ్మాయికి నడుం నొప్పి" అనే చెప్పారు. నేనూ కాదనలేదు. ఎవరి ఇంటి గుట్టు వాళ్ళిష్టం. కానీ ఆ అమ్మాయి నన్ను అడిగింది, "అత్తా, పెళ్ళయ్యే అబ్బాయికి చెప్పాలా?" అని. "ముల్లు గుచ్చుకుంటే తీయించుకున్నానని చెప్పడానికి సిగ్గెందుకే? విని మొహం ముడుచుకున్నాడంటే, అది కూడా ముందే తెలుసుకోవడం మంచిదే" అన్నాను. అది నవ్వింది. వదిన వింటూనే ఉన్నారు, ఏమీ అనలేదు.

డాక్టర్లకి పాఠాలు చెప్పేంత చదువు నాకు లేదు. ఎవరికి ఏ పరీక్ష కావాలో వాళ్ళే చెప్పాలి. కానీ సంతకం పెట్టేముందు రెండు ప్రశ్నలు అడిగే హక్కు ప్రతి తల్లికీ ఉంది. "లోపల ఎంతవరకు ఉందో మీకు ఎలా తెలుస్తుంది డాక్టరుగారూ? స్కాన్ చేస్తే ఉపయోగం ఉంటుందా?" అక్కర్లేదంటే ఎందుకు అక్కర్లేదో చెప్తారు. మంచి డాక్టరుకి ఈ ప్రశ్న కష్టం అనిపించదు.

ఇంట్లో కూడా ఒక మాట. పిల్లాడు పక్కకి ఒరిగి కూర్చుంటే, ఆడపిల్ల కుర్చీలో దిండు వేసుకుంటే, బట్టలు తానే ఉతుక్కుంటానంటే, నాలాగా మురిసిపోకండి, నాలాగా తిట్టకండి కూడా. పక్కన కూర్చుని ఏమైందని అడగండి. మొదటిసారి 'ఏం లేదు' అంటారు. మర్నాడు మళ్ళీ అడగండి.